యూదా వాళ్ళమ్మ

నా భయం ఒక్కటే. నా కూతురు చెడ్డదిగానే పుట్టిందేమోనని, ఆ సంగతి దేవుడికి ముందే తెలుసేమోనని. దొంగల భయం, జ్వరాల భయం, గ్యాసు కట్టేశానా లేదా అన్న భయం నాకూ ఉన్నాయి. కాని అవి వచ్చిపోయే చుట్టాల్లాంటివి. ఇది మాత్రం మంచం వేసుకుని మా ఇంట్లోనే ఉంటుంది.

పాపకి అప్పుడు నాలుగేళ్ళు నిండుతున్నాయి. దాని పళ్ళు బియ్యపు గింజల్లా చిన్నగా, సమంగా ఉంటాయి. ఆ పళ్ళతో నర్సరీలో పిల్లల్ని కరిచేది. ఎందుకు కరిచావే అంటే, "చెయ్యి అక్కడుంది" అనేది. అంతకు మించి కారణం ఉండేది కాదు. మా ఆయన దానికి చిట్టెలుక అని పేరు పెట్టాడు. రొట్టెల కొట్టున్న ఇంట్లో ఎలుక మాట ఎత్తుతారట్రా అని మా అత్తయ్య కొడుకుని కసిరేది.

మాది బేకరీ. ముందు గది కొట్టు, మధ్య గది బట్టీ, వెనక గది మేము. బట్టీ గోడా మా పడకగది గోడా ఒక్కటే. ఎండాకాలం ఆ గోడ మీద చెయ్యి పెట్టగలిగే ధైర్యం ఒక్క మా అత్తయ్యకే ఉంది. మోకాళ్ళ నొప్పులకి అదే మందని గోడకి కాళ్ళు తన్నిపెట్టి పడుకునేది. నేను చెప్పేది ఆ గోడ బాగా కాలుతున్న రోజుల సంగతి.

మా చర్చిలో ఏటా ఆ కాలంలోనే సిలువ నాటకం వేస్తారు. సైనికుల వేషాలకి పోటీ ఉంటుంది. గాడిద వేషానికి కూడా ముందు కాళ్ళకొకరు, వెనక కాళ్ళకొకరు తయారుగా ఉంటారు. ప్రభువు దగ్గరే తిని, ఆయన్నే ముద్దుపెట్టుకుని శత్రువులకి పట్టించిన యూదా వేషానికి మాత్రం చెయ్యెత్తే నాథుడు ఉండడు. అందుకని మా వాళ్ళు ఎప్పుడో ఒక పద్ధతి పెట్టుకున్నారు. వేషాలు పంచే మీటింగుకి ఏ మగాడు రాకపోతే వాడే యూదా. ఆ రోజు జ్వరమొచ్చిన వాళ్ళు కూడా దుప్పటి కప్పుకుని వస్తారు. అంత హాజరు ఇంకే ఆరాధనకీ ఉండదు.

ఆ ఏడు మా ఆయన రాలేదు. బట్టీలో రొట్టె ఉంది. కాలుతున్న రొట్టెని వదిలి వచ్చే మనిషి కాదు. నేను వెళ్ళాను గాని ఆడవాళ్ళ హాజరు లెక్కలోకి రాదు.

నాటకం నడిపేది మా సంఘపెద్ద. అందరూ కండక్టరు తాతయ్య అంటారు. బస్సు దిగి ఏళ్ళయినా మెడలో ఈల తియ్యలేదు. ఆయన వేలితో తలలు లెక్కపెట్టుకుంటూ చివరి వరుస దాకా వెళ్ళి తిరిగొచ్చాడు.

"రొట్టెలాయన ఎక్కలేదు" అన్నాడు. "రైట్."

హాల్లో అందరూ ఒకేసారి ఊపిరి వదిలారు. ఫ్యాన్లు లేకపోయినా గాలాడింది.

మా ఆయన మైదా చేతులతో పరుగెత్తుకొచ్చేసరికి కుర్చీలు మడుస్తున్నారు. ఏ వేషం అని అడిగాడు, చెప్పారు. "సరే" అన్నాడు. ఆయన బట్టీలో ఎప్పుడూ కాలని రొట్టె ఏదైనా ఉందంటే అది 'కాదు' అనే మాటే.

ఇంట్లో మా అత్తయ్య గోడ మీంచి కాళ్ళు దించి లేచి కూర్చుంది.

"యూదా చివర్లో ఉరేసుకుంటాడు కదరా."

"నాటకమేనమ్మా."

"నా కొడుకు మెడలో తాడేస్తే నాటకమైతే ఏంటి, నిజమైతే ఏంటి? నేను మాత్రం ఆ రోజు చర్చి గడప తొక్కను."

ఆవిడ కర్ర పట్టుకుని వెళ్ళి కండక్టరు తాతయ్యతో ఏం మాట్లాడిందో తెలియదు గాని, తాడు తీసేశారు. యూదా, లంచంగా తీసుకున్న వెండి నాణేల సంచి విసిరికొట్టి, జనం మధ్యలోంచి నడిచి, వెనక తలుపు తీసుకుని వెళ్ళిపోతాడు. మిగతాది ఎవరికి వాళ్ళు ఊహించుకోవాలి.

వేషం నాటకం రోజున వేస్తారు గాని యూదాతనం ఆ మర్నాడే మా కొట్టుకొచ్చింది. రోజూ వచ్చే ఆవిడ రొట్టె చేతిలోకి తీసుకుని, వాసన చూసి, "ఇది నువ్వు పిసికిందా, ఆయన పిసికిందా?" అంది.

"ఇద్దరం" అన్నాను.

"అయితే బన్ను ఇవ్వు" అంది. బన్ను ఎవరు పిసికారని ఆవిడ అనుకుందో నాకు ఇప్పటికీ తెలియదు.

జనం చెడ్డవాళ్ళేం కాదు. నాటకమని అందరికీ తెలుసు. అయినా చెయ్యి ఎందుకో వెనక్కి పోతుంది. తిలా పాపం తలా పిడికెడు అంటారు, మా వాళ్ళు మాత్రం ఎవరి పిడికెడు వాళ్ళు తెచ్చి మా గుమ్మంలో పోసి వెళ్ళారు. చివరికి ప్రభువు బల్లకి, చర్చిలో అందరూ తలా ఒక ముక్క తీసుకోవడానికి, ప్రతినెలా మా బట్టీ నుంచి వెళ్ళే రొట్టె కూడా ఆగిపోయింది. "చూసేవాళ్ళకి బాగుండదమ్మా, ఈ ఒక్క నెలా" అన్నాడు కండక్టరు తాతయ్య. పెద్ద బజారు నుంచి తెప్పించారు. అది తియ్యరొట్టె. లోపల ఎండుద్రాక్షలు, ఎర్ర చెర్రీ ముక్కలు. కళ్ళు మూసుకుని భక్తిగా నోట్లో పెట్టుకున్న కండక్టరు తాతయ్యకి చెర్రీ తగిలింది. నమలాలో మింగాలో తెలియక పాట అయ్యేదాకా బుగ్గన పెట్టుకుని నిలబడ్డాడు. మా అత్తయ్య ఆ ఆరాధనలో నవ్వింది. ఎన్నేళ్ళకో నవ్వింది.

బుధవారం ఆడవాళ్ళ కూడికలో పాస్టరు అయ్యగారు ఏమైనా అడగమన్నారు. ప్రతివారం అలాగే అంటారు, ఎవరూ అడగరు. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసిన దాన్ని, లేచి మాట్లాడటం అలవాటు లేదు. కూర్చునే అడిగాను.

"అయ్యగారూ, ప్రభువు చనిపోకపోతే మనకి రక్షణ లేదు కదండీ?"

"లేదమ్మా."

"యూదా పట్టివ్వకపోతే ఆయన చనిపోరు కదండీ?"

"ఊఁ."

"అలా జరుగుతుందని ముందే రాసుంది కదండీ?"

"ఉంది."

"మరి యూదా చేసిన తప్పేంటండీ?"

విసనకర్రలు ఆగిపోయాయి. అయ్యగారు మంచివారు, కోపం తెచ్చుకోరు. "దేవుడు చెడుని పుట్టించడమ్మా. మనిషి చేసిన చెడునే తీసుకుని, దాంతోనే మేలు చేస్తాడు. మాడిన రొట్టెని మీ ఆయన పారేస్తాడా?"

"లేదండీ. మాడు గీకి, ఎండబెట్టి పొడి కొడతారు."

"అదీ."

"కాని మాడుతుందని ముందే తెలిస్తే బయటికి తీసేస్తారండీ. పొడి కావాలని ఎవరూ మాడనివ్వరు కదండీ."

అయ్యగారు మంచినీళ్ళు తాగారు. గ్లాసు కింద పెట్టి, మళ్ళీ ఎత్తి చూశారు. అందులో ఇంకేం లేవు. "మంచి ప్రశ్న. వచ్చే బుధవారం చెప్తాను" అన్నారు. వచ్చే బుధవారం నోవహు ఓడ గురించి చెప్పారు.

నిజానికి నేను అడగాలనుకున్నది అది కాదు. యూదాని కన్న ఆవిడ గురించి. ఆవిడకి ముందే తెలుసా? వాడికీ నాలుగేళ్ళప్పుడు బియ్యపు గింజల్లాంటి పళ్ళే ఉండి ఉంటాయి. వాడూ ఎవరి చెయ్యో కొరికి ఉంటాడు. పోనీలే, చిన్నపిల్లాడు అనుకుని ఆవిడ వాడికి తల దువ్వి ఉంటుంది. ఏ రోజు నుంచి పోనీలే అనుకోకూడదో ఆవిడకి ఎవరైనా చెప్పారా?

ఇంట్లో మా ఆయన సాధన చేస్తున్నాడు. మైదా బస్తాని నిలబెట్టి, దాని భుజం లాంటి చోట చెయ్యేసి, "గురువుగారూ, వందనాలు" అని ముద్దుపెట్టుకునేవాడు. బోర్లించిన డబ్బా మీద కూర్చుని పాప రోజూ చూసేది. ముద్దు పెట్టిన ప్రతిసారీ మూతికి మైదా అంటుకుంటే చప్పట్లు కొట్టేది. నేనూ నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

ఆ వారమే నర్సరీ టీచరమ్మ నన్ను తలుపు దగ్గరే ఆపేసింది.

"ఇదివరకు కనీసం తెలిసేదండీ. నోరు తెరుచుకుని వస్తుంటే పిల్లలు పరుగెత్తేవాళ్ళు. ఇప్పుడు దగ్గరికెళ్ళి గురువుగారూ వందనాలు అంటోంది. ముద్దు పెడుతోంది. పిల్లలు మురిసిపోయి నిలబడుతున్నారు. అప్పుడు కరుస్తోంది."

నాకు నవ్వు రాలేదు. టీచరమ్మ మాత్రం నవ్వు ఆపుకోలేక ముఖం పక్కకి తిప్పుకుంది. మళ్ళీ ఇటు తిప్పి, "ఇంకొక్కసారి జరిగితే మాత్రం పాపని పంపకండి. మిగతా తల్లులకి నేను జవాబు చెప్పలేను. వాళ్ళు మీ పాపని ఏమంటున్నారో కూడా మీకు చెప్పలేను" అంది.

చెప్పక్కర్లేదు. గేటు దగ్గర నిలబడ్డ తల్లులు గొంతు తగ్గించి మరీ వినిపించేట్టు అన్నారు. యూదా కూతురు.

ఇంటికెళ్ళి మా ఆయన చేతిలో పిండి లాగేశాను.

"మానెయ్యండి ఆ వేషం."

"ఇప్పుడా? బట్టలు కూడా కుట్టించారు."

"మీరు యూదా అయితే అది యూదా కూతురైంది. రేపు బడికి రావొద్దంటారు. ఆ తర్వాత?"

"ఎవరో ఒకరు వెయ్యాలి కదా. యూదా లేకపోతే కథ ప్రభువుని పట్టుకునే తోటలోనే ఆగిపోతుంది. సిలువ దాకా పోదు."

"ఆగిపోనీ. ఆయన ప్రాణాలతో ఉంటారు."

"మరి మనం?"

మా ఆయన పిండి మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. కాసేపు పిసికి, తల ఎత్తకుండానే, "నాకు మాత్రం ఇష్టమా? ఆ బస్తాకి ముద్దు పెట్టినప్పుడల్లా సిగ్గేస్తుంది" అన్నాడు.

గోడ అవతల నుంచి మా అత్తయ్య దగ్గింది. ఆవిడ దగ్గితే అంతా విన్నానని అర్థం.

నాటకం సాయంత్రం హాలు నిండిపోయింది. కుర్చీలు అద్దెకిచ్చే ఆయన ఇంకా కావాలంటే మళ్ళీ బండి కట్టాడు. నేను నాలుగో వరుసలో పాపని ఒళ్ళో పెట్టుకుని, ఒక చెయ్యి దాని నోటి దగ్గర ఉంచుకుని కూర్చున్నాను. పక్కన కూర్చున్న వాళ్ళ చేతులు అందేంత దూరంలోనే ఉన్నాయి మరి.

ప్రభువు వేషం సెల్లు డాక్టరుది. ఫోన్లు బాగుచేస్తాడు, భుజాల దాకా జుట్టుంది, ఆ జుట్టు వల్లే ఏటా ఆయనకే ఆ వేషం. శిష్యుడు పేతురు వేషం ఇస్త్రీ బండి ఆయనది. చేపలు పట్టే పేతురు అంగీకి కత్తిలాంటి మడతలున్నాయి.

తోట రంగంలో మా ఆయన వచ్చాడు. పొద్దుటి నుంచి బట్టీ దగ్గరే ఉన్నాడేమో, హడావిడిలో చేతులు కడుక్కోలేదు. "గురువుగారూ, వందనాలు" అని సెల్లు డాక్టరు భుజం మీద చెయ్యేసి ముద్దుపెట్టుకున్నాడు. నా ఒళ్ళో పాప కూడా మెల్లగా అదే మాట అంది. సెల్లు డాక్టరుకి గడ్డం గుచ్చుకుని చక్కిలిగింత పుట్టింది. ప్రభువు భుజాలు ఎగరేసి కిసుక్కుమన్నాడు. సైనికులు గబగబా లాక్కుపోయారు. చెయ్యి తీశాక చూస్తే ఎర్రటి అంగీ భుజం మీద అయిదు వేళ్ళూ తెల్లగా పడున్నాయి.

తరువాత పేతురు, ప్రభువెవరో నాకు తెలియదని మూడుసార్లు బొంకాడు. కోడి కూసింది. పేతురు మోకాళ్ళ మీద పడి బాగా ఏడ్చాడు, చప్పట్లు కూడా పడ్డాయి. తన పని అయిపోయింది కనుక కిందికి దిగి, మొదటి వరుస చివర కూర్చుని సోడా కొట్టించుకున్నాడు.

అప్పుడు మా ఆయన మళ్ళీ వచ్చాడు. నాణేల సంచి నేలకేసి కొట్టాడు. నాణేలకి బదులు పోసిన సోడా మూతలు నాలుగు వైపులా దొర్లాయి. "పాపం లేని మనిషిని పట్టించాను" అన్నాడు. ఆ మాట ఇంట్లో సాధన చేసినట్టు గట్టిగా అనలేదు, నాతో మాట్లాడినట్టు అన్నాడు. వేదిక దిగి జనం మధ్యలోంచి వెనక తలుపు వైపు నడవడం మొదలుపెట్టాడు. ఆయన వస్తుంటే అటూ ఇటూ కాళ్ళు లోపలికి లాక్కున్నారు. ఆయన్ని ఎరిగిన వాళ్ళు, ఆయన రొట్టె తిని పెరిగిన పిల్లలు. నా పక్కావిడ చీర కుచ్చిళ్ళు కూడా జరుపుకుంది. నేను పిలవాలనుకున్నాను. తలుపు అవతల చీకటి పడుతోంది.

"ఎక్కడికిరా?"

తలుపు పక్కన కుర్చీలో, తల మీదుగా కొంగు కప్పుకుని మా అత్తయ్య. ఎప్పుడొచ్చిందో, ఆ మోకాళ్ళతో ఎలా వచ్చిందో.

ఆ మాట నాటకంలో లేదు. కాని అమ్మ అడిగితే జవాబు చెప్పడం మా ఆయనకి అలవాటు. "బయటికమ్మా" అన్నాడు.

"బయట ఏముంది?"

మా ఆయన తలుపు వైపు చూశాడు. "ఏం లేదు."

"మరెందుకు పోవడం?"

తెర వెనక ఈల మోగింది. "రైట్, రైట్" అని కండక్టరు తాతయ్య గొంతు. వెళ్ళిపొమ్మని.

"హోల్డాన్" అంది మా అత్తయ్య, అంతకంటే గట్టిగా. ఈల ఆగిపోయింది. "ఒరే, నువ్వు చేసింది చిన్న తప్పు కాదు. నిన్ను కన్నందుకు నేను తల ఎత్తుకోలేను. అయినా ఒక్కడివే ఎందుకు పోతావు? ఆ పేతురు మాత్రం? ఇందాకే కదా ఆయనెవరో నాకు తెలీదన్నాడు. ఏడ్చాడు, వచ్చి కూర్చున్నాడు. చూడు, సోడా తాగుతున్నాడు."

హాలంతా అటు తిరిగింది. ఇస్త్రీ ఆయన సీసా వెనక్కి దాచుకున్నాడు.

"మూడో రోజు ఆయన లేచొస్తాడంటగా. వచ్చినాక ఆయన్నే అడుగుదువుగాని. అప్పటిదాకా ఇక్కడ కూర్చో." పక్క కుర్చీ మీద నుంచి కర్ర తీసి ఒళ్ళో పెట్టుకుంది. కాస్త ఆగి, "పొద్దుటి నుంచి ఏమైనా తిన్నావా?" అంది.

మా ఆయన కూర్చున్నాడు.

ఎవరూ నవ్వలేదు. నా ఒళ్ళోంచి పాప జారి, కుర్చీల మధ్య నుంచి దూరి, వెళ్ళి వాళ్ళ నాన్న ఒళ్ళో ఎక్కింది. అప్పటిదాకా దాని నోటి దగ్గర పెట్టుకున్న నా చెయ్యి అక్కడే గాల్లో ఉండిపోయింది.

నాటకం సాగింది. సాగకేం చేస్తుంది? ప్రభువుని సిలువ వేశారు. అంగీ తియ్యడానికి సెల్లు డాక్టరు ఒప్పుకోలేదు, ఆ ఉక్కలో కూడా చలి అన్నాడు. అందుకని ఆ తెల్లటి చెయ్యి ఆయన భుజం మీద సిలువ దాకా వెళ్ళింది. వీళ్ళని క్షమించు తండ్రీ అనే మాట దగ్గర ఆయన కింద ఉన్న సైనికుల్ని చూడాలి. చూడలేదు. తలెత్తి నేరుగా వెనక తలుపు వైపు చూశాడు. అక్కడే ఆయన భార్య నిలబడి ఫోన్లో వీడియో తీస్తోంది, అందుకే అయ్యుండొచ్చు.

అంతా అయ్యాక కండక్టరు తాతయ్య కోపంగా వచ్చాడు.

"ఏంటమ్మా ఇది? గ్రంథంలో ఎక్కడుంది?"

"గ్రంథంలో వాళ్ళమ్మ లేదు" అంది మా అత్తయ్య. "ఉంటే ఇదీ ఉండేది."

"రేపు అందరూ నన్నడుగుతారు."

"కాకి పిల్ల కాకికి ముద్దని చెప్పు."

ఆయన అయ్యగారి వైపు తిరిగాడు, తీర్పు చెప్పమన్నట్టు. అయ్యగారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. చాలాసేపు తుడిచారు. తర్వాత నా దగ్గరికొచ్చి, "ఆ బుధవారం సంగతి ఇంకా చెప్పలేనమ్మా" అన్నారు. రెండడుగులు వేసి వెనక్కొచ్చారు. "వచ్చే నెల బల్లకి రొట్టె మీరే పంపండి. ద్రాక్ష వద్దు."

మర్నాడు కొట్టు ముందు ఇద్దరో ముగ్గురో నిలబడ్డారు. ఆ మర్నాడు ఇంకొందరు. పిసికిందెవరని ఎవరూ అడగలేదు.

పాప మారిపోయిందని చెప్పాలని ఉంది గాని, కొన్నాళ్ళు ఊరుకుని మళ్ళీ కరిచింది. టీచరమ్మ పిలిచింది. నేను దాని సామాన్లకని సంచీ తీసుకుని, పాపని ఇంటికి తెచ్చుకోవడానికే వెళ్ళాను.

"కరిచాక ఎప్పుడూ పారిపోయేది కదండీ" అంది టీచరమ్మ. "ఈసారి మూల దాకా వెళ్ళి, వెనక్కొచ్చింది. ఆ పిల్ల పక్కన కూర్చుని తన చెయ్యి చాపింది, నువ్వూ కొరుక్కో అని."

"ఆ పిల్ల ఏం చేసింది?"

"కొరికింది. గట్టిగా. ఇద్దరూ కాసేపు ఏడ్చి ఇప్పుడు బొమ్మలాడుకుంటున్నారు. ఎవర్ని పంపించెయ్యాలో నాకర్థం కావడం లేదు." సంచీ వైపు చూసి, "అది తీసుకెళ్ళండి, సాయంత్రం రండి" అంది.

నా భయం పోలేదు. మంచం మాత్రం కాస్త గుమ్మం వైపు జరుపుకుంది.

మళ్ళీ గోడ కాలే రోజులొచ్చాయి. మీటింగు అయింది. ఈసారి యూదా కుర్చీలు అద్దెకిచ్చే ఆయన. ఆ మీటింగుకే బయట బండిలోంచి కుర్చీలు దించుతూ లోపలికి రాలేదు. పెళ్ళి కాలేదు, తల్లి పోయింది, గోదాములోనే ఒక మూల పడుకుంటాడు. వేషం చెప్తే ఆయన కూడా సరే అన్నాడట. మా అత్తయ్యకి ఇప్పుడు మంచం దిగితే మోకాళ్ళు నిలబడటం లేదు. నాకు నెలలు నిండాయి. రెండోది కదులుతుంటే దీనికి పళ్ళెలా వస్తాయోనని అప్పుడే ఆలోచన. మా ఆయనకి ఈసారి వేషం లేదు గాని ఆ సాయంత్రం నన్ను వదిలి కదలడు. మా ఇంట్లోంచి ఎవరూ వెళ్ళలేం.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. మా నాటకానికి వచ్చినా, మీ చోట ఇలాంటిది వేసినా, ముందు వరుసలో కూర్చోకండి. వెనక తలుపు పక్కన ఒక కుర్చీ వేసుకోండి, దాని పక్కన ఇంకొకటి ఖాళీగా ఉంచండి. సంచి విసిరేసి అతను మీ పక్కగా వెళ్ళేటప్పుడు కాళ్ళు లోపలికి లాక్కోకండి. ఎక్కడికి అని అడగండి. పొద్దుటి నుంచి ఏమైనా తిన్నాడో లేదో ఒక్కసారి కనుక్కోండి.